ఉత్తరము పోయిన వెనుక అక్షరము నిలుచునా?

నిరుడు దీపావళికి ముందు మా దుకాణపు అటకను శుభ్రము చేయించుచుండగా ఒక పాత ఇనుప కమ్మి దొరకినది. కొస వంచి, అడుగున కొయ్యబిళ్ళ బిగించిన ఆ కమ్మికి మా తాతగారి కాలము నుండి వచ్చిన ఉత్తరములు ఒకదానిపై నొకటి గ్రుచ్చి యున్నవి. దుమ్ము దులిపి ఇంటికి తెచ్చితిని. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి అందులో నుండి ఒక కార్డు తీసి, అటునిటు త్రిప్పి చూచి, "నాన్నా, ఇందులో ఏమున్నదో చదివి చెప్పు" అని నా చేతికిచ్చినది. అది తెలుగు. మా నాయనమ్మకు ఆమె తమ్ముడు వ్రాసిన కార్డు. దస్తూరి గుండ్రముగా, ముత్యముల వలె ఉన్నది. మా అమ్మాయి ఇంటిలో మాటలాడునది తెలుగే. సోంపేటలోని మేనత్తతో రాత్రివేళ ఫోనులో గంటకొలది ముచ్చటించునదియు తెలుగే. కాని ఆ కార్డు మాత్రము ఆమెకు మూగదై పోయినది.

నేను పండితుడను కాను. బరంపురములో బట్టల వ్యాపారము చేసికొనువాడను. చదివినది ఒడియా మాధ్యమమున మెట్రిక్యులేషను వరకు. మన సంఘములోని పెద్దలు నాపై ఉంచిన నమ్మకము వలన నాలుగిండ్ల మంచిచెడ్డలు వినుచుండువాడను. అట్టివాడు భాషను గూర్చి వ్రాయుట సాహసమే. అయినను ఇది వ్యాకరణమునకు సంబంధించిన మాట కాదు, ఇంటి లెక్కకు సంబంధించిన మాట. చిట్టాలో ఏ పద్దు తగ్గుచున్నదో చూచుకొనని వర్తకుడు ఏనాడో యొకనాడు దుకాణము మూయవలసినదే. మన ఇండ్ల చిట్టాలో ఉత్తరము అను పద్దు సున్నకు వచ్చినది. దానితోపాటు మరేమి పోవుచున్నదో మనవారందరు కలిసి ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా తపాలా సంగతి చూతము. మన దేశమున పోస్టుకార్డు 1879 జూలై 1వ తేదీన పుట్టినది. నాటి వెల పావు అణా. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో దేశమంతట 23,344 తపాలా కచేరీలుండెను. నేడవి లక్షా అరువది నాలుగు వేలకు మించి యున్నవి. వానిలో పదింట తొమ్మిది పల్లెలలోనే కలవు. కావున తపాలా కచేరి చచ్చిపోవుచున్నదనుట సరికాదు. అక్కడ పొదుపు ఖాతాలున్నవి, ఆధారు పనులున్నవి, పార్సెళ్ళ కట్టలున్నవి. మా ఊరి పెద్ద తపాలా కచేరికి ఎప్పుడు పోయినను వరుసలో నిలువక తప్పదు. కాని ఆ వరుసలో ఉత్తరము చేతబట్టుకొన్నవాడు కనబడడు. కొట్టున్నది, బేరమున్నది. ఏ సరకు కొరకు కొట్టు తెరచిరో ఆ సరకును మాత్రము అడుగువారు లేరు.

తంతి 2013 జూలైలో ఆగిపోయినది. రిజిస్టరు తపాలాను 2025లో స్పీడుపోస్టులో కలిపివేసిరి. డెన్మార్కు దేశమున 1624లో మొదలైన ఉత్తరముల బట్వాడాను అచటి తపాలా సంస్థ 2025 డిసెంబరు చివర పూర్తిగా మానివేసి, వీధులలోని ఎర్ర పెట్టెలను పెరికివేసినది. మన దేశమున అట్టి దినము రాలేదు. పోస్టుకార్డు వెల నేటికిని అర్ధరూపాయియే. ఒక గ్రుక్కెడు తేనీటికి చాలని పైకముతో బరంపురము నుండి బళ్ళారికి గాని, మదురకు గాని, షోలాపురమునకు గాని మాట పంపవచ్చును. పంపువారే లేరు.

"లేకున్న నేమి? కాలము మారినది, ఫోను వచ్చినది, ఉత్తరము పోయినది. ఎడ్లబండి పోలేదా? కిరసనాయిలు దీపము పోలేదా?" అని మన యువకులు అడుగుదురు. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవాడు అట్లడిగిన నేను మారు పలుకను. అచట తెలుగు అక్షరము ఉత్తరము మీద ఆధారపడి బ్రతుకలేదు. బస్సు మీద తెలుగున్నది, దుకాణపు పలక మీద తెలుగున్నది, బడిలో తెలుగున్నది, ఓటరు జాబితాలో తెలుగున్నది. అచటి పిల్లవాడు వద్దనుకొన్నను అక్షరము వాని కంటబడుచునే యుండును. ఉత్తరము పోయిన అతనికి ఒక ముచ్చట పోయినది, అంతే.

మన సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు మా బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడినది. మేము ఊరు మారలేదు, రాష్ట్రమే మారినది. పాతిక కిలోమీటర్ల దూరములోని ఇచ్ఛాపురము ఆవలి వైపున ఉండిపోయినది. ఒడియావారు మమ్ములను పరాయివారుగా చూడలేదు. వారి భాష మాకన్నము పెట్టినది. అది నేర్చుట మా ధర్మము, నేర్చితిమి. కాని బడిలో ఒడియా, బజారులో ఒడియా, బ్యాంకులో ఆంగ్లము, రైలు స్టేషనులో హిందీ అయిన చోట తెలుగు అక్షరమునకు మిగిలిన పని ఏమి? పెండ్లి శుభలేఖ ఒకటి, దేవళములోని శిలాఫలక మొకటి, ఉత్తర మొకటి. ఈ మూటిలో ప్రతి నెలయు ఇంటికి వచ్చి, చదువుమని అడిగి, జవాబు వ్రాయుమని పట్టుబట్టినది ఉత్తర మొక్కటే. అనగా మన పిల్లలకు ఉత్తరమే తెలుగు బడి. దానికి గది లేదు, జీతము లేదు, ప్రభుత్వపు ఉత్తరువు లేదు. అర్ధరూపాయి ఖర్చుతో నడచిన ఆ బడి మూతపడినపుడు మన మెవ్వరమును గమనింపలేదు.

నేను తెలుగు నేర్చిన విధము చెప్పెదను. మా తాతగారు పెద్దబాలశిక్ష కొనియిచ్చి, దుకాణము కట్టివేసిన పిమ్మట రాత్రివేళ అక్షరములు దిద్దించెడివారు. నాకు నిద్ర వచ్చెడిది. గుణింతములు సగములోనే ఆగిపోయినవి. నన్ను పట్టి చదివించినది మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు. ఆమె పుట్టినిల్లు సోంపేట దగ్గర పల్లె. తమ్ముడు నెలకొక కార్డు వ్రాసెడివాడు. అప్పుడు కార్డు పదునైదు పైసలు. కార్డు వచ్చినదనగానే ఆమె వంటయిల్లు విడిచి వచ్చి గడపపై కూర్చుండి, "చదువరా" అనెడిది. ఒక పర్యాయము చదివిన చాలదు, మూడు పర్యాయములు చదువవలెను. నేను తడబడి ఒక మాట దాటవేసిన, చదువురాని ఆమె ఇట్టే పట్టుకొని, "అక్షరం మింగకురా, నా తమ్ముడు అట్లా రాయడు" అనెడిది. పదియేండ్లు నిండునప్పటికి గొలుసుకట్టు దస్తూరి కూడ చదువగలిగితిని. బాలశిక్ష చేయలేని పని ఆమె ఆత్రము చేసినది. తనవారి కబురు వినవలెనన్న ఆశ ఒక ముసలి తల్లిది. దానిని తీర్పగలవాడు ఇంటిలో నేనొక్కడనే అన్న గర్వము నాది. అంతకు మించిన ఉపాధ్యాయుడెవరు?

జవాబు వ్రాయుట మరియొక చదువు. పై అంచున "శ్రీరామ" అని వ్రాయవలెను. పెద్దవారికి "పూజ్యులైన" అనియు, చిన్నవారికి "చిరంజీవి" అనియు, ముత్తయిదువకు "సౌభాగ్యవతి" అనియు సంబోధింపవలెను. "ఉభయకుశలోపరి" అని తమ క్షేమము చెప్పి, ఎదుటివారి క్షేమము అడిగి, ఆపైననే పని మాట ఎత్తవలెను. ఎవరికి నమస్కారములు, ఎవరికి ఆశీస్సులు, ఎవరు మేనమామ, ఎవరు పినమామ, ఎవరు వియ్యంకుడు, ఏ వరుసవారిని ఏమని పిలువవలెను - ఇదంతయు ఆ కార్డుముక్క మీదనే నేర్చితిమి. ఫోనులో "హలో" అనగానే వరుసలన్నియు ఒక్కటే అయినవి. ఎదుట మాటలాడుచున్నది పెదనాన్నయో బావయో తెలియకనే మాట ముగించు పిల్లలను నేను మా ఇంటిలోనే చూచుచున్నాను.

మా వీధికి ఉత్తరములు తెచ్చిన తపాలా బంట్రోతు ఒడియావాడు. ఆ కాలమున మనవారిలో చాలమంది పైవిలాసము కూడ తెలుగులోనే వ్రాసెడివారు. అతడు విసుగుకొనక, మా తాతగారి అరుగు మీద కూర్చుండి ఒక్కొక్క అక్షరము అడిగి తెలిసికొని, రెండు మూడేండ్లకు మా పేటవారి పేర్లన్నియు తెలుగులో చదువ నేర్చెను. అతడు పదవి విరమించినపుడు మా పేటవారు శాలువ కప్పిరి. పరభాషవాడు ఉద్యోగధర్మముగా నేర్చిన అక్షరములను మన కడుపున పుట్టినవారు నేర్వకుండుట చూచినపుడు నాకు సిగ్గు కలుగుచున్నది.

అట్లని పాతకాల మంతయు బంగారమని నేను చెప్పను. మా తాతగారి చెల్లెలు పోయిన వార్త తెచ్చిన కార్డు పదునొకండవ నాటికి మాకు చేరినది. కర్మకు అందలేకపోయితినని ఆయన చాలకాలము బాధపడెను. రైలులో వరుస తప్పిన కట్టలు, వానకు తడిసి సిరా చెదరిన కవరులు, పైవిలాసము తెలియక తిరిగి వచ్చిన సరకు చీటీలు, ఇవన్నియు నేనెరుగుదును. నా వ్యాపారము నేడు ఫోను మీదనే నడచుచున్నది. చీరాల నుండి గాని రాజమహేంద్రవరము నుండి గాని నమూనా కావలెనన్న నిమిషములో బొమ్మ వచ్చును, ధర తేలును, పైకము చేరును. పూర్వము ధర అడుగుటకు నాలుగు దినములు, జవాబునకు నాలుగు దినములు పట్టెడిది. ఆ ఎనిమిది దినములు నాకు తిరిగి కావలెనని నేను కోరుకొనను. కష్టకాలమున బిడ్డ గొంతు వినిపించు యంత్రమును నిందించువాడు అవివేకి.

కాని వర్తకుడెవ్వడును నోటిమాటతో దుకాణము నడుపడు. బేరము నోట చేసినను పద్దు చిట్టాలో వ్రాసి, ఆవర్జాకు ఎక్కించును. నోటిమాట నీటిమూట అని పెద్దలు ఊరక అనలేదు. ఇంటి విషయములలో మాత్రము మనము చిట్టా మూసివేసి, అంతయు నోటిమాట మీద నడుపుచున్నాము. దీని ఫలమేమో ఒక ఉదాహరణ చెప్పెదను. పేర్లు, ఊర్లు చెప్పను.

మా పేటలోని ఒక కుటుంబపు పెద్ద మరణించిన కొన్నాళ్ళకు, విజయనగరము వైపున ఉన్న అతని చెల్లెలు అన్నకొడుకులను ఒక మాట అడిగినది. 1978లో వారి తండ్రి ఇల్లు కొన్నపుడు తాను తన మురుగుల జత కుదువబెట్టి పైకము పంపితిననియు, అది తిరిగి రాలేదనియు ఆమె చెప్పినది. కొడుకులు చెడ్డవారు కారు. కాని తండ్రి తమకేనాడును చెప్పలేదు, కాగితము లేదు. ఎనుబదియేండ్ల ముసలమ్మ మతిమరుపున అన్నదనుకొనిరి. మాట మాట పెరిగి రాకపోకలు ఆగిపోయినవి. పండుగకు ఫోను కూడ లేదు. ఒకనాడు పెద్దకొడుకు తల్లి పెట్టెలోని పాత కాగితముల మూట తెచ్చి, "ఇవి ఏమిటో చూడండి, మాకు తెలుగు చదువ రాదు" అని నా ముందు పెట్టెను.

అవి ఆ మేనత్త వ్రాసిన ఇన్‌లాండు ఉత్తరములు. వరుసగా చదువుచు పోగా ఒకదానిలో ఆ సంగతి కనబడినది. పంపిన పదునైదు వందల రూపాయలు చేరినవని నీవు వ్రాసిన జాబు అందినది, సంతోషము, మురుగులకు తొందర లేదు, పిల్లలు చేతికి వచ్చిన పిమ్మట చూచుకొందము అని ఆమె వ్రాసియున్నది. నేను చదివి వినిపించితిని. ఆ పెద్దకొడుకు చాలసేపు పలుకలేదు. పిమ్మట ఆ ఉత్తరమును మడిచి జేబులో పెట్టుకొని, ఆ వారములోనే అన్నదమ్ము లిరువురును మేనత్త ఇంటికి పోయిరి. బాకీ ఎట్లు తీరినదో వారి ఇంటి విషయము. తీరినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలువదియేండ్లకు పైగా సాక్షి వారి ఇంటిలోనే, వారి తల్లి పెట్టెలోనే ఉన్నది. సాక్షి భాష ఇంటివారికి రాదు. అక్షరము రాకపోవుట వలన నిజము చెప్పిన ముసలమ్మ అబద్ధమాడినట్లయినది. ఇట్టి పెట్టెలు మన ఇండ్లలో ఎన్ని ఉన్నవో! వానిలో ఎవరి గోత్రము, ఎవరి బాకీ, ఎవరి క్షమాపణ ఉన్నదో! రేపు మన పిల్లలు వానిని చిత్తుకాగితముల వానికి తూకము వేసి ఇచ్చినచో తప్పు వారిది కాదు, మనది.

ఉత్తరమునకు ఇంత విలువ ఏల అందురేమో. మనవలె తెలుగు నేలకు దూరముగా ఉన్నవారి ఉత్తరములు ఎట్టి పని చేసినవో చూడుడు. సూరి నాగమ్మగారు బడికి పోయి చదివినవారు కారు. బాల్యముననే భర్తను కోల్పోయి, ఇంటిలో తామై తెలుగు నేర్చుకొనిరి. తమిళ దేశమున తిరువణ్ణామలైలో ఉండి, రమణాశ్రమమున తాము చూచినది విన్నది 1945 నుండి తమ అన్నగారికి తెలుగులో జాబులుగా వ్రాయసాగిరి. అవే "శ్రీ రమణాశ్రమ లేఖలు"గా అచ్చయినవి, ఆ అన్నగారే ఆంగ్లములోనికి తెచ్చిరి. ఆ తిరువణ్ణామలైకే 1950లో పోయి, 1979లో మరణించు వరకు అచటనే యుండిన చలముగారు చింతా దీక్షితులుగారికి వ్రాసిన ఉత్తరములును పుస్తకమై నిలిచినవి. ఒక చెల్లెలు అన్నకు వ్రాసినది, ఒక స్నేహితుడు స్నేహితునకు వ్రాసినది తెలుగువారందరి సొత్తయినది. నాగమ్మగారికి ఆనాడు ఫోను ఉండి, అన్నగారితో రోజూ మాటలాడియున్నచో మనకేమి మిగిలియుండెడిది?

"ఫోనులో కూడ తెలుగులో వ్రాయవచ్చును గదా" అని కొందరందురు. నిజమే. నేటి ఫోనులలో తెలుగు అక్షరములు చక్కగా కొట్టవచ్చును. కొట్టువారున్న నేను వారికి నమస్కరింతును. కాని మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పిల్లలు వాట్సాపులో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుదురు, లేదా గొంతు ముద్రించి పంపుదురు. "అత్త" అన్న మాటను నాలుగు విధములుగా వ్రాయుదురు, ఒకటియు సరిగా ఉండదు. పెద్దలమైన మనమును తెలుగు మీటలు వెదకుకొను ఓపిక లేక అదే చేయుచున్నాము. వంట చేయుటకు పొయ్యి ఉన్నది గదా అన్న చాలదు, బియ్యము పోయవలెను. అక్షరము చేతికి వచ్చినవాడు ఫోనులోను వ్రాయును, కాగితము మీదను వ్రాయును. చేతికి రానివానికి ఏ యంత్రమును దానిని తెచ్చి ఇవ్వదు.

"పిల్లలకు ఇప్పటికే మూడు లిపులున్నవి, నాలుగవది బరువు" అనువారు మరికొందరు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. బడిలో తెలుగు నేర్చు అవకాశము మనకు ఏటేట తగ్గుచున్నది. తమిళనాట 2006లో చేసిన చట్టము వలన తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని చెప్పుచున్నది. దానికై మన సంఘములు పోరాడవలసినదే, పోరాడుచున్నవి. కాని బడిలో తెలుగు వచ్చు వరకు ఇంటిలో తెలుగు ఆగవలెనా? కార్డు మీద పట్టునది పది పంక్తులు. నెలకు పది పంక్తులు వ్రాయుట ఏ పిల్లవానికిని బరువు కాదు. మన పిల్లలకు భాష వచ్చును, లిపి మాత్రమే రాదు. పునాది ఉన్న ఇంటికి గోడ లేపుట వంటిది ఈ పని.

ఇక చేయవలసినదేమి? నాకు తోచిన నాలుగు పనులు విన్నవించుచున్నాను.

మొదటిది: ప్రతి ఇంటిలోను పదియేండ్లు దాటిన పిల్లలు నెలకొక కార్డు తెలుగులో వ్రాయవలెను. ఎవరికి? కల్పించిన స్నేహితునకు కాదు, ఎదురుచూచు మనిషికి. మేనత్తకు, అమ్మమ్మకు, పెదనాన్నకు వ్రాయవలెను. అందుకొన్నవారు ఫోను చేసి "చేరినది" అని ఊరకొనక, కార్డుకు కార్డే జవాబు వ్రాయవలెను. ఇందులో పిల్లలకంటె పెద్దలకే క్రమశిక్షణ కావలెను. ఉత్తరము లోపల తెలుగుండిన చాలును. పైవిలాసము ఏ ఊరికి పోవునో ఆ ఊరి భాషలో గాని ఆంగ్లములో గాని స్పష్టముగా వ్రాసి, పిన్ సంఖ్య తప్పక వేయుడు. 1972 ఆగస్టు 15 నుండి మనకా సంఖ్య ఉన్నది. మన పత్రిక చదువరుల సంఖ్యలు చూచిన, మహారాష్ట్రవారికి నాలుగుతో, కర్ణాటకవారికి ఐదుతో, తమిళనాటివారికి ఆరుతో, మాకు ఏడుతో మొదలగును. యానామువారి పాలన పుదుచ్చేరిదైనను వారి సంఖ్య 533464, అనగా గోదావరి ప్రాంతపు వరుసలోనిది. రాష్ట్రములు విడదీసినవారిని తపాలా సంచి కలుపగలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

రెండవది: ఇంటిలోని పాత ఉత్తరములను తీసి ఎండకు ఆరబెట్టి, వ్రాసినవారి పేరు, వరుస, తేదీ ఒక పుస్తకములో వ్రాసికొనుడు. చదువగల పెద్దలు ఉన్నప్పుడే చదివించుకొనుడు. ఇక్కడ ఫోను మనకు మిత్రుడే. ప్రతి ఉత్తరమునకు రెండు వైపుల బొమ్మ తీసి ఉంచిన చెదలు తిన్నను మాట మిగులును. చదువలేని ఉత్తరములను మన సంఘ కార్యాలయమునకు తెచ్చిన చదివి పెట్టుటకు మాలో కొందరము సిద్ధముగా ఉన్నాము. ఇంటి గుట్టు ఇంటిలోనే ఉండును, ఆ పూచీ నాది.

మూడవది: పిల్లలకు చదువుటకు తెలుగు పుస్తకములు కావలెను. పుస్తకములకు చౌకగా ఉండిన రిజిస్టరు బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయినపుడు మనవంటివారికి పెద్ద దెబ్బ తగిలినది. 2025 మే 1 నుండి "జ్ఞాన్ పోస్టు" అను పద్ధతి వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోల కట్టకు 100 రూపాయలు. బాలశిక్షలు, కథల పుస్తకములు ఒక్కొక్కరు తెప్పించుకొనుట కంటె, ఐదు కిలోల కట్టగా ఒక శాఖ తెప్పించి ఇంటింటికి పంచిన ఖర్చు కలిసివచ్చును. ఈ లెక్క వర్తకులకు చెప్పనక్కరలేదు.

నాలుగవది: ప్రపంచ తపాలా దినమైన అక్టోబరు 9వ తేదీని మన శాఖలన్నియు ఉత్తరముల దినముగా జరుపవలెను. ఉపన్యాసములు వద్దు. పిల్లలను కూర్చుండబెట్టి, కార్డు, కలము ఇచ్చి, వ్రాసినదానిని అక్కడికక్కడ పెట్టెలో వేయించుడు. వచ్చిన జవాబులను మరుసటి నెల సమావేశమున ఆ పిల్లలచేతనే చదివించుడు.

ఇంకొక్క మాట. రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, కేంద్రమునకు గాని రాష్ట్రమునకు గాని ఫిర్యాదు చేయువాడు ఆ కేంద్రమున లేక ఆ రాష్ట్రమున వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను విన్నపము పంపుకొనవచ్చును. ఇది మనకున్న హక్కు. కాని వ్రాయరానివానికి ఈ హక్కు దేనికి? తెలుగులో విన్నపము వ్రాయగల పదిమంది యువకులు మా పేటలో నేడు దొరకరు. ఇరువదియేండ్ల తరువాత ఒక్కడును దొరకనిచో, మాకు తెలుగు కావలెనని ఏ ప్రభుత్వమును, ఏ భాషలో అడుగుదుము?

ఇతరులకు చెప్పు ముందు నా ఇంటిలో మొదలుపెట్టితిని. దీపావళి వెళ్ళిన నాటి నుండి మా అమ్మాయికి రాత్రి భోజనమైన పిమ్మట అరగంట అక్షరములు దిద్దించుచున్నాను. మా తాతగారు నన్ను చదివించినపుడు నాకు వచ్చినంత నిద్ర ఆమెకును వచ్చుచున్నది. సంక్రాంతికి ముందు మేనత్తకు నాలుగు పంక్తులు వ్రాసినది. "అత్త" అన్న మాటలో ఒత్తు మరచి "అత" అని వ్రాసినది. నేను దిద్దలేదు. ఎనిమిదవ నాడు సోంపేట నుండి కార్డు వచ్చినది. రోజూ ఫోనులో మాటలాడు మా చెల్లెలు ఈ కార్డు సంగతి ఫోనులో చెప్పనే లేదు. "ఒత్తు లేని అత్త వ్రాయునది" అని మొదలుపెట్టి, కార్డు నిండ వ్రాసినది. మా అమ్మాయి గడపపై కూర్చుండి, కూడబలుకుకొనుచు, ఒక్కతెయే చదువుకొన్నది. నన్ను పిలువలేదు.

నా దుకాణమున గల్లాపెట్టె ప్రక్కన నూరు పోస్టుకార్డులు తెచ్చి పెట్టియున్నాను. మన పేట పిల్లలలో తెలుగులో ఉత్తరము వ్రాయుదునని వచ్చినవారెవరైనను అడిగి తీసికొని పోవచ్చును. వెల లేదు. వచ్చిన జవాబును మాత్రము నాకొకసారి చదివి వినిపింపవలెను.

- ఒక వర్తకుడు, బరంపురము